పూటకూళ్ల ఇంటి పేజీలు

నాయకుల ఆత్మకథ ఏది చేతికొచ్చినా నేను ముందు బాల్యం అధ్యాయమే తిరగేస్తాను. పదవుల సంగతి పత్రికల్లో ఎలాగూ ఉంటుంది. అమ్మానాన్నల సంగతి ఆ మనిషి నోరు విప్పితే తప్ప మనకు తెలియదు.

ఆ లెక్కన టంగుటూరి ప్రకాశం పంతులుగారి ‘నా జీవిత యాత్ర’కు సాటి వచ్చే పుస్తకం నాకు ఇంతవరకు తగల్లేదు. 1872లో ఒంగోలు ప్రాంతంలో పుట్టిన ఆయనకు చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. డబ్బు తీసుకుని అన్నం పెట్టడాన్ని ఆనాటి సమాజం చిన్నచూపు చూసేది. బారిస్టరై, మద్రాసులో బోలెడు ఆర్జించి, 1921లో ఆ ప్రాక్టీసు వదిలేసి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన మనిషి ఆ సంగతి దాచుకోలేదు. రోజూ పదిమందికి వండి వార్చే తల్లిని చూస్తూ పెరిగిన పిల్లాడికి పనంటే సిగ్గు పుట్టలేదు, సంపాదన పోతుందన్న భయమూ పుట్టలేదు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసు వీధిలో తుపాకులకు గుండె చూపిన తెగువకు మూలం నాకు ఆ వంటింట్లోనే కనిపిస్తుంది.

ఆ పుస్తకానికి మన విశాఖపట్నంతో చుట్టరికం ఉంది. ప్రకాశంగారి తర్వాత దాని చివరి భాగం రాసింది విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథం. ప్రకాశం మంత్రివర్గంలో పనిచేసి, తర్వాత విశాఖ ఉక్కు ఉద్యమంలో ముందు నిలిచిన పెద్దమనిషి. ఆయన పేరిట ఉన్న పార్కులో సాయంత్రాలు గడిపే మనం ఆ పుస్తకం కూడా ఒకసారి తెరవాలి.

ఆ పేజీలు చదివితే నాకు మా నాన్న గుర్తొస్తారు. ఆయన పోర్టులో కళాసీ. మాకు ఎన్నడూ నీతులు చెప్పలేదు. జీతం రోజున ముందు కిరాణా కొట్లో ఖాతా తీర్చి, ఆ తర్వాతే ఇంటికి వచ్చేవారు. ఈనాటికీ ఎవరికైనా బాకీ ఉంటే నాకు నిద్ర పట్టదు. అది ఆయన పెట్టిన ఆస్తి. అలాంటి తండ్రుల పని గురించి పెళ్లి సంబంధాల దగ్గర చెప్పాల్సి వస్తే ‘పోర్టులో ఉద్యోగం’ అని కుదించేస్తున్నాం. నాకది బాధగా ఉంటుంది. గాజువాకలో మెస్సు నడిపి పిల్లల్ని ఇంజినీర్లను చేసిన తల్లుల మాటా అంతే, ఇంటి గడప దాటి బయటికి రాదు.

ఈ ఆదివారం మీ అమ్మనో నాన్ననో కూర్చోబెట్టి అడగండి: ఏ పనులు చేశారు, మొదటి జీతం ఎంత, దాన్ని దేనికి ఖర్చుపెట్టారు? ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఇన్నాళ్లూ నలుగురిలో చెప్పకుండా దాటేసిన పని ఏదైనా ఉంటే, దాన్ని మొదటి పేజీలోనే రాయండి.