ముందు జీను, తర్వాతే గుర్రం

పాత్రలు వేస్తూ ఆడే డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు కొత్తగా వచ్చినవాళ్లు సామాన్ల పట్టిక చేతికి అందగానే కత్తులు, కవచాలు చూస్తారు. ఆ తర్వాత గుర్రం. జీను, సంచుల దగ్గరికి వచ్చేసరికి నాణేలూ ఓపికా రెండూ అయిపోతాయి. చాలాకాలంగా డన్‌జన్ మాస్టర్‌గా ఆట నడుపుతున్న నాకు ఆ పట్టికలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. ప్రయాణం ఎలా సాగబోతోందో సగం అక్కడే తేలిపోతుంది.

ఈ ఆట నియమాల పుస్తకం, 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌నే తీసుకుందాం. 75 బంగారు నాణేల స్వారీ గుర్రం 480 పౌండ్లు, అంటే దాదాపు 218 కిలోలు మోస్తుంది. చాలా ఎక్కువే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. మనిషి 180 పౌండ్లు అనుకుంటే, ఒంటిమీద గొలుసు కవచం 55. యుద్ధపు జీను 30, కళ్లెం 1, ఖాళీ జీను సంచులు 8. అప్పుడే 274. గుర్రానికి రోజుకు 10 పౌండ్ల దాణా, పది రోజులకు నూరు. మిగిలింది 106. మనిషి తిండి, నీళ్లు, తాళ్లు, దుప్పటి, దొరికితే నిధి, అన్నీ అందులోనే సర్దుకోవాలి. గుర్రానికీ గొలుసు కవచం తొడుగుదామంటే అదొక్కటే 110 పౌండ్లు!

జీనులు నాలుగు రకాలు. మామూలు స్వారీ జీను 10 నాణేలు. యుద్ధపు జీను 20. అది ఉంటే, గుర్రం మీంచి పడకుండా నిలదొక్కుకోవాల్సి వచ్చినప్పుడు పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. ఎగిరే, ఈదే జంతువులకు 60 నాణేల ప్రత్యేక జీను తప్పనిసరి. నాలుగోది సరుకు జీను, 5 నాణేలు. దాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, పట్టిక మొత్తంలో అంత మంచి బేరం లేదంటాను. 8 నాణేల కంచర గాడిద మీద వేస్తే, 13 నాణేలకే 405 పౌండ్ల సామాను కదులుతుంది. పైగా ఎవరైనా పడదోయబోతే తట్టుకుని నిలబడటంలో ఆ గాడిదది గట్టి కాలు.

ఏ సామాను ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. నేలమాళిగ మెట్లు గుర్రం దిగదు, బయటే కట్టేయాలి. అందుకే నా ఆటగాళ్లకు చెప్పేది ఒకటే: లోపల బతకడానికి కావలసినవి ఒంటిమీద, ఇల్లు చేరడానికి కావలసినవి జంతువు మీద. కాగడాలు, తాడు, గాయాలు మాన్పే మందు మీ దగ్గర. దాణా, దుప్పట్లు, తిరుగు ప్రయాణానికి తిండి దాని దగ్గర. రెండు జంతువులుంటే నీళ్లు రెండిటి మీదా పంచండి. ఒకటి లోయలో పడినా సగమే పోవాలి.

‘బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ దొరికితే ఇవన్నీ ఎందుకు?’ అని కొందరు అడుగుతారు. 15 పౌండ్ల బరువుండే ఆ మాయసంచిలో 500 పౌండ్లు పడతాయి, నిజమే. కానీ దానికి చిల్లు పడిందంటే లోపలివన్నీ ఆస్ట్రల్ అనే మరో లోకంలో చెల్లాచెదురవుతాయి. తోలు సంచి చిరిగితే దారిలో ఏరుకోవచ్చు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆట తెచ్చినప్పుడు, బయటికి మోసుకొచ్చిన బంగారం పాత్ర ఎదుగుదలకు కావలసిన అనుభవ పాయింట్లుగా మారేది. మోయలేని నిధి లెక్కలోకి వచ్చేది కాదు. నేటి నియమాల్లో అలా లేకపోయినా బరువు బరువే. 50 నాణేలు ఒక పౌండు. 5,000 నాణేలు దొరికితే నూరు పౌండ్లు. ఇందాకటి 106లో ఇక మిగిలేది ఆరు. తిండి పారేస్తారా, కవచం విప్పేస్తారా, బంగారం వదిలేస్తారా? మీ పాత్ర ఎలాంటి మనిషో అక్కడ తెలిసినంతగా ఏ యుద్ధంలోనూ తెలియదు.

కాబట్టి బరువుల లెక్కను విసుగని కొట్టేయకండి. ఈసారి ఆటకు కూర్చునే ముందు కాగితం మీద రెండు వరసలు గీయండి: ఒంటిమీదవి, జంతువు మీదవి. ఆ తర్వాతే గుర్రం బేరమాడండి.