బరువు ఎవరిది, బేరం ఎవరిది

పోయిన వారం ఏదో గోదాము ప్రారంభోత్సవంలో ఓ పెద్దమనిషి, వెనకబడ్డ పాలమూరుకు లాజిస్టిక్స్ అనే కొత్త విద్యను తామే తెచ్చామన్నాడు. పేపర్లో అది చదువుతూ చాయ్ చల్లారబెట్టుకున్నాను. ఈ కాలమ్‌ను ఏళ్ల తరబడి భరిస్తున్నవాళ్లకు తెలుసు, రిబ్బను కోసే ప్రతివాడూ చరిత్ర తన కత్తెరతోనే మొదలైందనుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా ఏ దారి పట్టినా లంబాడీ తండాలే. ఆ తండాల ముత్తాతల వృత్తే ఈ లాజిస్టిక్స్. మొగలు ఫౌజులు దక్కను మీదికి దిగినప్పుడు వాటి వెంట తిండిగింజలూ ఉప్పూ మోసింది లంబాడీల ఎద్దులే. పీటర్ మండీ అనే ఇంగ్లీషువాడు 1632లో తనకు దారిలో తగిలిన ఒక్క బిడారులోనే 14,000 ఎద్దులున్నాయని రాసిపెట్టాడు. రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడిచేవి కావట. నడుస్తూనే మేయాలి మరి, మేత కొనకుండా సాగాలంటే అంతే నడక. భంగీ, జంగీ అనే నాయకులకు మొగలు సర్దారు ఆసఫ్‌ఖాన్ రాగిరేకు రాసిచ్చాడని ఒక కథ ఉంది. నీళ్లు, కప్పుకు గడ్డి ఎక్కడైనా తీసుకోవచ్చు, పైగా రోజుకు మూడు హత్యలు మాఫీ! ఆ మూడో వరం సంగతి ఎలా ఉన్నా, గింజలు రాకపోతే ఫిరంగులు పేలవని తెలిసినవాడే అలాంటి రేకు రాయిస్తాడు. తర్వాత టిప్పు మీదికి పోయిన కార్న్‌వాలిస్, మరాఠాల మీదికి పోయిన ఆర్థర్ వెల్లెస్లీ కూడా ఈ ఎద్దులనే నమ్ముకున్నారు.

ఆ పనితనం కూడా తక్కువది కాదు. పెరిక అంటే జంట గోనె, ఎద్దు వీపున అటూ ఇటూ వేలాడుతుంది. రెండు పక్కలా తూకం సమంగా పడాలి. ఒక పక్క మొగ్గితే సాయంత్రానికి వీపు ఒరుసుకుపోతుంది, ఆ పుండుతో మర్నాడు ఎద్దు లేవదు. మజిలీ చేరగానే పెరికలు దించి, చుట్టూ గోడలా పేర్చి, మనుషులు లోపల పడుకునేవాళ్లు. పొద్దున విప్పి, సాయంత్రం మళ్లీ కట్టుకునే గోదాము అన్నమాట. అన్నిటికన్నా నాకు నచ్చేది ఇంకొకటి. వాళ్లు సైన్యానికి జీతగాళ్లు కారు. గింజలు తామే కొని, దండు బజారులో తామే అమ్ముకునేవాళ్లు. ఎద్దు వాళ్లది, సరుకు వాళ్లది, బేరం తండా పెద్ద నాయక్‌ది.

1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలొచ్చింది. ఇనుప పట్టాల ముందు ఎద్దు ఎంతకని నిలబడుతుంది? పని పోయినవాళ్ల మీద దొంగల ముద్ర కూడా పడింది, తండాల మీద పోలీసుల కన్ను పడింది. ఆ కథంతా చరిత్రకారుడు భంగ్యా భుక్యా పుస్తకంలో ఉంది. ఇక్కడి లంబాడీలు ఎస్టీల జాబితాలో చేరేసరికి 1976 వచ్చింది.

ఇక 2015లో కొత్తూరులో అమెజాన్ గోదాము తెరిచింది. 2 లక్షల 80 వేల చదరపుటడుగులు, అప్పటికి దేశంలో వాళ్లకు అదే పెద్దది. కొత్తూరు అప్పుడు పాలమూరులోనే, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది, మరుసటి ఏడాది రంగారెడ్డిలో కలిసింది. ముత్తాతల విద్య మునిమనవల చేతికి మళ్లీ వచ్చిందని రాసి, సభలో మాట్లాడినాయనకు నాలుగు అక్షింతలు వేసి ముగిద్దామనుకున్నాను.

అంతలో షాద్‌నగర్ దగ్గరి తండా పిల్ల ఒకామె కలిసింది. ఆ దారిలోనే వేరే గోదాములో పని. అక్కడ సబ్బు పక్కన పుస్తకం, దాని పక్కన కుక్కరు గాస్కెట్టు ఉంటాయట. ఏ అర ఖాళీగా ఉంటే అందులో పెట్టి, అరకూ సరుకుకూ బార్‌కోడ్ కొడతారు. ఏది ఎక్కడుందో మనిషికి గుర్తుండక్కర్లేదు, కంప్యూటరుకు ఉంటే చాలు. చేతిలో స్కానరు ఏ వరసకు పొమ్మంటే ఆ వరసకు పోవడమే. నేను ఊరుకోక ఎద్దుల కథ ఎత్తుకున్నాను.

“గా ఎద్దులు మా తాత గూడ చూడలే సార్,” అంది. “మా నాయిన బొంబాయి పోయి మట్టిపని చేసిండు. ఏడాదికి ఒక్కసారి ఇంటికొస్తుండె. నాకు తండా కాడికే బస్సొస్తది. రాత్రికి ఇంట్లనే పంటున్న.”

“మరి ఎద్దు మీది, బేరం మీది ఉండేది కదమ్మా!”

“బేరమా? కంట్రాక్టరు ఎంతిస్తే గంత.”

ఆ రెండు జవాబులూ నా నాలుగు అక్షింతలను తిరగేశాయి. సభలో ఆయనన్నది నిజమే, ఇది కొత్తదే. బిడారు బతుకంతా దారిలోనే గడిచేది. పాలమూరు కూలి బతుకు బొంబాయి, పుణెల్లో గడిచింది. బరువు మోసి రాత్రికి సొంత ఇంట్లో పడుకోవడం ఆ ఇంట్లో ఆమెతోనే మొదలైంది. అదేమీ చిన్న సంగతి కాదు, పెరికెద్దుల మీద మోజుతో నాబోటివాళ్లు దాన్ని చిన్నబుచ్చకూడదు. ఆ ఎద్దులు మోసింది కూడా యుద్ధాన్నే కదా. ఏ ఊళ్లు తగలబెట్టడానికి పోయే దండుకు ఆ గింజలు చేరాయో ఎవరు లెక్క రాశారు?

కాని బేరం మాత్రం పోయింది. నాయక్ దండు బజారులో ఎదురుగా కూర్చుని ధర తేల్చుకునేవాడు. ఈ పిల్ల మెడలోని కార్డు మీద ఉన్నది కంట్రాక్టరు పేరు, పని మాత్రం ఇంకొకరిది. కూలి పెంచమని ఎవరిని అడగాలో ఆమెకు తెలియదు. వచ్చే గోదాముకు రిబ్బను కోయబోయే పెద్దలకు ఒక్కటే మనవి. భూమి ఇచ్చేటప్పుడే, లోపల పనిచేసేవాళ్ల జీతం చీటీ మీద గోదాము యజమాని పేరే ఉండాలని కాగితం మీద రాయించండి.