యంత్రగానమును పేరులేని చేతులును

సంగీతవిషయమున మనవారిలో రెండు దురభిప్రాయములు పాతుకొనియున్నవి. వీణపై పలికినదియే సంగీతమనియు, విద్యుచ్ఛక్తితో మ్రోగునది చప్పుడు మాత్రమేయనియు మొదటిది. పదిమంది మెచ్చినదానికి విమర్శతో పనిలేదనుట రెండవది. మొదటిది పండితులది, రెండవది వర్తకులది. వీని నడుమ చిక్కి మన సినిమాపాటలలోని యంత్రసంగీతము నలువదియేండ్లుగా విచారణకు నోచుకొనకున్నది. నీచమని యొకరు వినరు. లాభకరమని యొకరు విని యూరకుందురు. మేము సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతమున బడిపిల్లలకు పాఠములు చెప్పుకొనువారము. ఆ పిల్లలు దినమంతయు వినునది ఈ సంగీతమే. పిల్లలు వినుదానిని పెద్దలు విచారింపకుండుట ధర్మముగాదు. కావున జంటగా పనిచేసిన రాజ్-కోటి యను సంగీతదర్శకుల కృతులలో నొకదానిని, 1994లో వెలువడిన "హలో బ్రదర్" పాటలను, ఈ మాసమున విచారణకు గైకొనుచున్నాము.

రాజ్ యనగా తోటకూర సోమరాజు. కోటి యనగా సాలూరి కోటేశ్వరరావు. మొదటివారి తండ్రి టి. వి. రాజు, రెండవవారి తండ్రి సాలూరి రాజేశ్వరరావు. "మల్లీశ్వరి" (1951), "మిస్సమ్మ" (1955) చిత్రముల పాటలు విన్న తెలుగువారికి రాజేశ్వరరావుగారి నెఱిగింప బనిలేదు. టి. వి. రాజుగారును రామారావుగారి చిత్రములకు పెక్కింటికి స్వరములు కూర్చినవారే. ఇట్టి తండ్రులకు బుట్టిన యీ యిద్దఱును 1980 తరువాతి దశాబ్దమున జతగూడి "యముడికి మొగుడు" (1988), "ముఠామేస్త్రి" (1993) మొదలగు చిత్రములతో తెలుగుదేశమునకు క్రొత్త దరువు నలవాటు చేసిరి. "హలో బ్రదర్" వెలువడిన కాలముననే వారు విడివడిరి. పిదప రాజ్ "సిసింద్రీ"కిని (1995), కోటి "నువ్వే కావాలి"కిని (2000) వేఱువేఱుగ సంగీతము కూర్చిరి. రాజ్ 2023 మే 21వ తేదీన కీర్తిశేషులైరి.

తండ్రుల కాలమునకును కుమారుల కాలమునకును నడుమ యేమి మాఱినది? తండ్రులు పాటను ముద్రించునాడు ఒక పెద్దగదిలో వయొలినువారును, వేణువువారును, తబలావారును, గాయకులును చేరి యొక్క యూపున పాటంతయు ముగింపవలసియుండెను. ఒకరు తప్పినచో నందఱును మొదటికి రావలయును. కుమారుల కాలమునకు సింథసైజరు వచ్చినది. 1983లో మిడి యను పద్ధతి యేర్పడి, ఒక కీబోర్డు ముందు గూర్చున్న మనుష్యుడు పెక్కు యంత్రములను నడపు వీలు కలిగెను. శాంప్లరను యంత్రము చర్మవాద్యముపై బడిన యొక్క దెబ్బను బట్టి దాచి, కోరినంతసేపు, కోరిన వేగమున మ్రోగింపనేర్చెను. ఒక తంత్రీవాద్యబృందమంతయు చెక్కపెట్టెలో నిమిడినట్లయ్యెను.

భరతముని నాట్యశాస్త్రమున వాద్యములు నాలుగు తెఱగులని చెప్పెను: తీగలవి తతములు, తోలు మూసినవి అవనద్ధములు, తాళములు మొదలగునవి ఘనములు, ఊదునవి సుషిరములు. సింథసైజరు ఈ నాల్గింటిలో దేనికిని జెందదు, నాల్గింటిని అనుకరించును. కావున దీని నైదవ తెఱగుగా నెంచుట న్యాయము. ఐదవది వచ్చినంతమాత్రమున సంగీతము చెడదు. చెడుటయు, చెడకుండుటయు దానిని బట్టిన చేతిలో నుండును.

ఇక పాటలను జూతము. ఇ. వి. వి. సత్యనారాయణగారు తీసిన యీ చిత్రమున నాగార్జున కవలసోదరులుగా రెండు పాత్రలు ధరించిరి. ఇందలి పాటలలో "ప్రియరాగాలే" యనునదియు, "కన్నెపెట్టరో" యనునదియు నేటికిని జనుల నోట నున్నవి. పాటను పరీక్షించుటకు మేమెఱిగిన సులభోపాయ మొకటి కలదు: వాద్యములన్నిటిని దీసివేసి యొంటిగొంతుతో పాడి చూచుట. "ప్రియరాగాలే" యీ పరీక్షకు నిలుచును. తరగతిగదిలో పిల్ల యొకతె కూనిరాగముగ దీసినను వరుస చెదరదు. ఏలయన నందు స్వరరచన ముందు పుట్టినది, యంత్రము దానికి వెనుక నిలిచినది. తండ్రులయొద్ద విన్నది కుమారుల చెవిలో నిలిచియుండె ననుటకు నిదియే నిదర్శనము. "కన్నెపెట్టరో" యట్టిది గాదు. దరువును దీసివేసినచో సగము పాట పోవును. అయినను దానిని దోషముగా మేమెన్నము. అది యాటపాట, ఆటపాటకు దరువే ప్రాణము. ఒకే సంపుటములో నొకచోట యంత్రమును సేవకునిగాను, మఱియొకచోట యజమానునిగాను నిలుపగలుగుట యీ జంట నేర్పు.

దోషములు లేవా? కలవు. ఏటికి పెక్కు చిత్రములకు పాటలు కూర్చుతొందరలో వీరి దరువులు కొన్ని యొకదానికొకటి తోబుట్టువులవలె నుండును. యంత్రము శ్రమను దగ్గించినప్పుడు మిగిలిన కాలమును ఆలోచనకు వెచ్చింపవలయును. మన సినిమావారు దానిని మఱియొక చిత్రమునకు వెచ్చించిరి. కాని యంతకంటె పెద్దది వేఱొక దోషము కలదు. అది యీ యిద్దఱిది మాత్రమే గాదు, మనయందఱిది.

రాజ్-కోటి యొద్ద కీబోర్డు వాయించినవారిలో దిలీప్ అను బాల్యనామముగల యువకుడొకడుండెను. ఆయనయే 1992లో "రోజా" చిత్రముతో ఎ. ఆర్. రహమాన్ అను పేర లోకమెఱిగిన సంగీతదర్శకుడాయెను. తెలుగువారు ఆ వ్రేళ్ళ పనిని "రోజా"కు ముందే యేండ్లతరబడి వినియుండిరి. వినుచున్నట్లు మాత్ర మెఱుగరు. ఆనాటి కాసెట్టు అట్టలపై తఱచుగా సంగీతదర్శకుని పేరు, కవి పేరు, గాయకుల పేర్లు నుండెడివి. వాయించినవారి పేర్లుండెడివి కావు. రహమాన్ గొప్పవాడాయెను గనుక ఆయన పూర్వపు చాకిరి మనకు దెలిసినది. గొప్పవారు గానివారి సంగతి యేమి? గమనింపదగిన విషయ మేమనగా, తాను స్వతంత్రుడైన పిదప రహమాన్ తన కాసెట్ల అట్టలపై వాద్యకారుల పేర్లు అచ్చువేయించు నాచారమును బెంపొందించెను. పేరులేని చేయిగా నుండిన వానికే పేరు విలువ తెలిసినది.

ఈ విషయమున ఫ్రాన్సుదేశపు జంట యొకటి మనకు మంచి పాఠము చెప్పుచున్నది. థామస్ బాంగాల్టర్, గీ-మాన్యుయెల్ ద ఒమెమ్-క్రిస్టో యను నిద్దఱు "డాఫ్ట్ పంక్" అను పేర యంత్రసంగీతము జేసిరి. లోహపు శిరస్త్రాణములు ధరించి మరమనుష్యులవలె జనులకు గనబడుట వారి రీతి. 1997లో వారి మొదటి సంపుటము వారి యింటిలోనే, యంత్రములతోనే తయారైనది. కాని 2013లో వెలువరించిన "రాండమ్ యాక్సెస్ మెమొరీస్" అను సంపుటమునకు వచ్చుసరికి ఆ మరమనుష్యులే మనుష్యులను వెదకికొనుచు బోయిరి. ఒమర్ హకీమ్, జాన్ రాబిన్సన్ అనువారిచే డ్రమ్ములు వాయింపించిరి. నైల్ రాడ్జర్స్ అను పెద్దవానిచే గిటారు పట్టించిరి. యంత్రసంగీతమునకు పెద్దదిక్కులలో నొకడగు జార్జియో మొరోడర్ తన జీవితకథను దన నోటనే చెప్పగా, ఆ మాటలపైననే యొక దీర్ఘమైన పాటను గట్టి, దానికి ఆయన పేరే పెట్టిరి. 2014 జనవరిలో ఆ సంపుటమునకు గ్రామీ సంస్థవారి యుత్తమ సంపుట బహుమానము వచ్చినప్పుడు జంట నోరు విప్పలేదు. అందు పాట పాడిన పాల్ విలియమ్స్ అను వృద్ధకవి వారి పక్షమున మాటలాడెను. 2021 ఫిబ్రవరి 22న ఆ జంటయు విడివడెను. తరువాత, 2023 నవంబరులో, అదే సంపుటమును డ్రమ్ములు తీసివేసి మఱల వెలువరించిరి. దానిని విన్నవారికి దరువు వాయించినవాని పని యెంతటిదో, ఆ పని లేనిచోటనే తేటపడును. వారు తమ మొగములు దాచుకొని యితరుల చేతులను జూపిరి. మనవారు మొగములు చూపి చేతులను దాచిరి. ఇంతియే భేదము.

ఇది సినిమావారి గొడవ, మనకేల యని చదువరు లనుకొనరాదు. ఈ దోషము మన వీథిలోనికి వచ్చియున్నది. సూర్యాపేటనుండి కోదాడ దాక పెద్దరోడ్డు పొడుగునను, మిల్లుల నడుమ మిర్యాలగూడలోను, పెండ్లియూరేగింపు వచ్చినచో డీసీఎం బండిపై గట్టిన డీజే బాక్సులు ముందు నడుచును. ఆ బాక్సులనుండి వినవచ్చు దరువు తఱచుగా మన డప్పు దరువే. ఒకనాడెవడో కొట్టిన దెబ్బను యంత్రము పట్టి దాచినది. అది వేయి పెండ్లిండ్లలో మ్రోగుచున్నది. కొట్టినవాని పేరు పెట్టెపై లేదు, కూలి వాని చేతికి రాదు. ఊరిలో నున్న డప్పు కళాకారుడు మాత్రము చావునకు మ్రోగింప బిలువబడి, పెండ్లికి బిలుపు లేక యుండుచున్నాడు. అతని ధ్వని కావలయును, అతడు వలదు. అంటరానితనము చర్మవాద్యమును దాటి యంత్రములోనికి బ్రవేశించుటకు నింతకంటె నిదర్శన మేమి కావలయును?

అవనద్ధము నీచమని శాస్త్రము చెప్పలేదు. తామరాకులపై బడిన వానచినుకుల శబ్దమును విని స్వాతిమహర్షి మద్దెలలను గల్పించెనని భరతుడే చెప్పెను. తోలును దాకినవానిని దూరముంచినది శాస్త్రము గాదు, మనము. రెండేండ్ల కొకమాఱు దూరాజుపల్లి పెద్దగట్టుపై లింగమంతుల జాతరలో గొల్లకురుమలు భేరీలు మ్రోగించుచు నడచునప్పుడు ఆ మ్రోతకు లక్షలజనము పులకించును. అక్కడ వాద్యమును, వాయించువాడును గలసియే గౌరవము పొందుదురు. అట్టి గౌరవము డప్పునకేల రాకూడదు?

యంత్రమును వెలివేయుడని మేము చెప్పుట లేదు. వెలివేయుటయే మన పాతరోగము. దానిని క్రొత్తదానిపై బ్రయోగించుట సంస్కారము గాదు. బాక్సులవాడును కష్టజీవియే, అప్పుచేసి యంత్రములు కొని, రాత్రులు మేలుకొని బ్రదుకుచున్నవాడే. మేము కోరునవి మూడు. పాట ముద్రించువారు, అది యట్టపై నైనను, చేతిఫోనులోని పుట పై నైనను, వాయించినవారి పేర్లను దప్పక ప్రకటింపవలయును. పెండ్లిచేయు గృహస్థులు బాక్సులవానితోపాటు డప్పు కళాకారులనుగూడ బిలిచి, బేరము లేని కూలి యిచ్చి, తక్కిన యతిథులతో నొకే పంక్తిని భోజనము పెట్టవలయును. మావంటి యుపాధ్యాయులు పిల్లలను "ఈ పాట యెవరిది?" అని మాత్రమే గాక "ఇందు వాయించిన దెవరు?" అని యడుగ నేర్పవలయును.

"హలో బ్రదర్" కథలో నొక కవలసోదరునికి దగిలిన దెబ్బ రెండవవాని యొడలిపై బలుకును. కథ నవ్వులకై కల్పించినది. కాని డప్పుపై బడిన దెబ్బ యంత్రములో బలుకుచుండుట కల్పన గాదు. ఆ దెబ్బ కొట్టినవాడు మన సోదరుడేయని యొప్పుకొనినప్పుడే యీ పాటలను వినుటకు మనకర్హత కలుగును.