మరమగ్గం, గిటారు: నగరి ఔత్సాహిక సంగీత రచనపై ఔచిత్య విచారణ

ఉపోద్ఘాతం:

ఔత్సాహికుని తొలి రచనకు అధ్యాపకుల నుంచి లభించే స్పందన సాధారణంగా రెండు విధాలు. "బాగుంది, ఇంకా కృషి చేయాలి" అనడం ఒకటి, దోషాల పట్టిక చేతికివ్వడం మరొకటి. మొదటిది దారి చూపదు, రెండవది నడక మాన్పిస్తుంది. నగరికి చెందిన ఒక విద్యార్థి ఇంట్లో రికార్డు చేసి నా అభిప్రాయం కోరిన ఐదు నిమిషాల గిటారు ట్రాక్ ఆధారంగా మూడవ మార్గాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాసోద్దేశం.

విమర్శ ప్రమాణం:

11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ'లో తన శ్లోకాలలోని అనౌచిత్యాన్ని కూడా ఎత్తిచూపాడు. రచన లక్ష్యాన్ని ముందుగా గ్రహించి, దానికి ఏ అంగం తగునో, ఏది తగదో నిర్ణయించడమే ఔచిత్యదృష్టి. ఇది వాతావరణ ప్రధానమైన సంగీతం. బ్రయన్ ఈనో విడుదల చేసిన 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' ఈ ధోరణికి 'యాంబియంట్' అనే పేరును స్థిరపరచింది. కాబట్టి పల్లవి లేదు, చరణం లేదు అనే ఆక్షేపణ ఇక్కడ చెల్లదు. ఒక స్థలం చెవికి అందుతున్నదా అన్నదే అడగవలసిన ప్రశ్న.

గుణ విచారణ:

మొదటి 40 సెకన్లు మరమగ్గాల చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. నాడె అటూ ఇటూ కొట్టుకొనే ఆ లయ నగరి వీధులకు నిత్యపరిచితం. ఆపై ఒకే తీగ మీటి, ఆ నాదం పూర్తిగా అణగేవరకు విద్యార్థి వేచి ఉన్నాడు. ఆ నిరీక్షణే ఈ రచనకు ప్రాణం.

దోష విచారణ:

ఒకటిన్నర నిమిషం వద్ద మూడు గిటారు పొరలు ఒకేసారి ప్రవేశిస్తాయి. మూడింటికీ దీర్ఘమైన రివర్బ్ ఉండటంతో 200–400 హెర్ట్‌జ్ మధ్య ధ్వని పేరుకొని మగ్గం మునిగిపోయింది. ఒక పొరకే దీర్ఘ రివర్బ్ ఉంచి, మిగిలినవాటిలో 200–400 హెర్ట్‌జ్ మధ్య ధ్వనిని తగ్గించాలి.

గిటారు గతి నిమిషానికి 72 బీట్లు. అంటే ఒక బీటు సుమారు 833 మిల్లీసెకన్లు. డిలే 500 వద్ద ఉండటంతో ప్రతిధ్వని లయకు అడ్డుపడుతున్నది. ముప్పావు బీటుకు, అనగా 625కు మార్చితే ఈ దోషం తొలగుతుంది. మగ్గం వేగాన్నే కొలిచి గిటారును దానికి అనుగుణంగా నడపడం మరింత ఉచితం.

గిటారు పికప్ పట్టిన 50 హెర్ట్‌జ్ విద్యుత్ మోత గురించి విద్యార్థి క్షమాపణ చెప్పుకొన్నాడు. మొత్తం తొలగించమనడం తేలిక. కాని మగ్గం మోటారును నడిపేదీ ఆ విద్యుత్తే. మగ్గం ఆడుతున్నంతసేపు ఆ మోతను ఉండనిచ్చి, చివరలో మగ్గం ఆగినప్పుడు దాన్ని కూడా ఆపాలన్నది నా సూచన. నగరిలో మగ్గం ఆగిందంటే కరెంటు పోయి ఉండాలి, లేదా పని లేకపోయి ఉండాలి. ప్రస్తుతం ముగింపును గిటారు రివర్బ్ కప్పివేయడం వల్ల ఆ నిశ్శబ్దం శ్రోతకు అందడం లేదు.

ముగింపు:

ఈ సూచనలన్నీ మగ్గాన్ని వినిపించడానికే. ట్రాక్‌ను స్టూడియో నునుపుకు తెచ్చే ప్రయత్నంలో మగ్గాన్ని తుడిచివేస్తే, అది ఏ ఊరిదైనా కావచ్చు. ఔత్సాహికునికి దోషం చెప్పే ముందు, అతడు పోగొట్టుకోరాని గుణమేదో చెప్పడం విమర్శకుని తొలి బాధ్యత.