మొదటి వరుస నిజం చెప్పాలి

టెక్కలి, పలాస వైపు ఇంజినీరింగ్ చదివే పిల్లలు సోర్స్ నుంచి ఏదైనా సాఫ్ట్‌వేర్ బిల్డ్ చేసుకోబోయి ఆగిపోయినప్పుడు నన్ను అడుగుతారు. "సార్, అందరికీ అవుతోంది, నాకే ఎందుకు అవడం లేదు?" స్క్రీన్‌ను పైకి జరిపి చూస్తే చాలాసార్లు 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఆపరేటర్' అన్న వరుస కనిపిస్తుంది. అప్పుడు తప్పు పిల్లలది కాదు, బిల్డ్ స్క్రిప్టు రాసినవాళ్లది.

స్క్రిప్టులోని ఆదేశాలను నడిపే ప్రోగ్రామును షెల్ అంటారు; ఏ షెల్ నడపాలో స్క్రిప్టు మొదటి వరుస చెబుతుంది. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో బయటికొచ్చింది. దాని పేరు ఎస్‌హెచ్. 1989లో బ్రయాన్ ఫాక్స్ గ్నూ ప్రాజెక్టు కోసం బాష్ అనే షెల్ రాశారు. పాతవన్నీ ఉంచి, కొత్తవి చాలా చేర్చారు. లినక్స్‌లో ఏళ్ల తరబడి ఎస్‌హెచ్ అని పిలిస్తే బాషే పలికేది. దాంతో ఏది ఉమ్మడి సొత్తో, ఏది బాష్ సొంతమో రాసేవాళ్లు పట్టించుకోవడం మానేశారు. 2006 అక్టోబరులో ఉబుంటు 6.10 ఆ చోట డాష్ అనే మరో షెల్‌ను పెట్టింది. డాష్ చిన్నది, వేగమైనది. 2011లో డెబియన్ 6.0 కూడా అదే చేసింది.

రెండు విలువలు సమానమా అని అడగడానికి బాష్‌లో == రాసినా చెల్లుతుంది. డాష్‌కు ఒక్క = మాత్రమే తెలుసు. అసలు ప్రమాదం ఏమిటంటే, డాష్ అక్కడ ఆగదు. ఒక వరుస గొణిగి, ఆ షరతు నెగ్గలేదని లెక్కేసుకుని ముందుకు పోతుంది. బిల్డ్‌కు ముందు నడిచే కాన్ఫిగర్ స్క్రిప్టు, ఉన్న లైబ్రరీ లేనట్టు ముగుస్తుంది. ఆ తర్వాతెప్పుడో సీ ఫైలులో కంపైలర్ మొరాయిస్తుంది. కుర్రాడు రాత్రంతా ఆ సీ ఫైలునే తవ్వుతాడు.

ఎకో, సెడ్ ఆదేశాలు కూడా ఒక్కోచోట ఒక్కోలా నడుస్తాయి. విండోస్‌లో దిద్దిన స్క్రిప్టు వరుసల చివర కనిపించని అక్షరం చేరితే, అది మొదటి వరుస దగ్గరే ఆగిపోతుంది.

కాన్ఫిగర్ స్క్రిప్టులను తయారుచేసే ఆటోకాన్ఫ్ 1991లో పుట్టింది ఇలాంటి తేడాలను మోయడానికే. అది పుట్టించే స్క్రిప్టుల్లో విలువల ముందు ఎక్స్ అక్షరం తగిలించి ఉండటం చూసి నవ్వేవాళ్లున్నారు. హైఫన్ లాంటి గుర్తుతో మొదలయ్యే విలువ వస్తే పాత షెల్‌లు తడబడేవి, అందుకే ఆ ఎక్స్. ఆ జాగ్రత్త అంటే నాకు గౌరవం.

డబ్బా మీద గుండు అని రాసి లోపల బద్ద పోస్తే పలాసలో జీడిపప్పు కొనేవాడు ఊరుకోడు. మొదటి వరుసలో ఎస్‌హెచ్ అని రాసి లోపల బాష్ నింపితే మాత్రం అందరం సర్దుకుపోతున్నాం. ఆ సర్దుబాటు భారం ఇంట్లో మొదటిసారి కంప్యూటర్ ముట్టుకున్న కవిటి పిల్ల మీద పడుతోంది. "నాకు రాదేమో" అని ఆమె చదువే మార్చుకోవాలనుకుంటుంది. అది నాకు సహించరాని నష్టం.

ఉద్దానం నుంచి వెళ్లి హైదరాబాద్, బెంగళూరుల్లో కోడ్ రాస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బాష్ కావాలంటే మొదటి వరుసలో బాష్ అనే రాయండి. ఎస్‌హెచ్ అని రాస్తే, విడుదలకు ముందు ఒక్కసారి డాష్‌తో నడిపి చూడండి.