పెద్ద పందెం బరువు

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ బోర్లా పడితే ఎనిమిది. ఆ పందెం పడగానే అరుగు మీద కేకలు లేస్తాయి. కాయ ఒక్క ఊపున ఎనిమిది గళ్లు దాటుతుంది, పైగా ఇంకో పందెం చేతికొస్తుంది. మన ఇళ్లలో ఆడే గవ్వలాటల్లో పెద్ద పందెం అంటే సంబరమే. 'అండర్ ఫాలింగ్ స్కైస్' అనే ఒంటరి పాచికలాట ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. ఇందులో ఆరు పడితే సంతోషించే ముందు ఆగాలి, దాన్ని ఎక్కడ పెడితే తక్కువ నష్టమో వెతకాలి. నాకు ఈ ఆట మీద ఇంత మమకారం ఏర్పడింది ఆ ఒక్క సంగతి వల్లే.

తొమ్మిది కార్డులకు మించకుండా ఆట తయారుచేయాలన్న పోటీకి 2019లో తోమాష్ ఉహ్లీర్ దీన్ని రూపొందించి గెలిచాడు. మరుసటి ఏడే చెక్ గేమ్స్ ఎడిషన్ సంస్థ దీన్ని పెద్దది చేసి పెట్టెలో అమ్మకానికి తెచ్చింది. దీని వేరు మాత్రం 1978 నాటిది. తైతో అనే జపాన్ సంస్థలో తొమోహిరో నిషికాదో తయారుచేసిన 'స్పేస్ ఇన్వేడర్స్'లో, వరసకు పదకొండు చొప్పున ఐదు వరసల శత్రువులు పైనుంచి దిగుతుంటే కింద నుంచి కాల్చాలి. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. గీయాల్సిన బొమ్మలు తగ్గి ప్రాసెసర్‌కు పని తేలికైనందువల్ల దానంతట అదే వచ్చిన వేగం అది. ఆటకు మంచిదే అనిపించి నిషికాదో అలాగే ఉంచేశాడు. ఆ కోవకే చెందిన 'గెలాక్సియన్' టీవీకి తగిలించే పసుపు క్యాసెట్లలో మన ఊళ్లకూ వచ్చింది. వేసవి సెలవుల్లో బొటనవేళ్లు కాయలు కాచేలా ఆడినవాళ్లు నల్లపాడు, గుంటూరు వీధుల్లో ఇప్పటికీ కనిపిస్తారు.

తెర మీద ఆ ఆటలకు వేళ్ల చురుకుదనం కావాలి. ఉహ్లీర్ ఆ చురుకుదనాన్ని తీసేసి, దాని స్థానంలో తర్కం పెట్టాడు. బల్ల మీద ఐదు నిలువు వరసల ఆకాశం, దాని కింద నగరం, నగరం అడుగున భూగర్భ స్థావరం. పైన తల్లి ఓడ, అందులోంచి దిగే చిన్న ఓడలు. మన చేతిలో ఐదు పాచికలు. నిలువుకు ఒక్క పాచిక చొప్పున స్థావరంలోని గదుల్లో పెట్టాలి. కరెంటు పుట్టించే గది, విమానాలను లేపే గది, తవ్వకం గది, పరిశోధన గది ఇలా ఒక్కోదానికి ఒక్కో పని. అంకె ఎంత పెద్దదైతే గది అంత గట్టిగా పనిచేస్తుంది. ఆ నిలువులో ఉన్న ఓడలు కూడా అన్నే గళ్లు కిందికి దిగుతాయి. ఆట గుట్టంతా ఇక్కడే ఉంది.

ఒక వంతు చూద్దాం. రంగు పాచికలు మూడు 6, 5, 3 పడ్డాయి. తెల్లవి రెండు 4, 1. రెండో నిలువులో ఒక ఓడ, పేలుడు గుర్తున్న గడికి సరిగ్గా మూడు గళ్ల పైన ఉంది. విమానాల గది నాలుగో నిలువులో ఉంది, ఆ నిలువులో ఓడలు లేవు. మూడును రెండో నిలువులో పెడితే ఓడ వచ్చి పేలుడు గడి మీద ఆగుతుంది. ఆరును విమానాల గదిలో పెడితే కింద పడేదేమీ లేదు, బలం మాత్రం పూర్తిగా దక్కుతుంది. పాచికలన్నీ పెట్టాకే గదులు పనిచేస్తాయి. కరెంటు సరిపోయి, పేలుడు గడి మీది అంకెకు మన బలం తూగితే ఆ ఓడ కూలుతుంది. రంగువాటిలో ఇక మిగిలింది ఐదు. అది ఏ నిలువులో పెట్టినా ఓడ నగరం మీద పడేలా ఉంది. తెల్ల పాచికల అవసరం అప్పుడు తెలుస్తుంది. తెల్లది ఒకటి పెడితే ఇంకా పెట్టని పాచికలన్నీ మళ్లీ వేయాలి. ఒకటిని ప్రమాదం ఉన్న నిలువులో దించి, ఐదునూ నాలుగునూ మళ్లీ వేస్తాను. ఐదు రెండు కావచ్చు, ఆరూ కావచ్చు. పందెం బాగున్నప్పుడు తెల్లవాటిని చివరిదాకా దాచుకోవడం, బాగా లేనప్పుడు ముందే వదలడం ఈ ఆటలో మొదట అబ్బాల్సిన విద్య.

కల్లంలో మిరపకాయలు ఆరబోసిన రైతు పడమటి మబ్బును చూస్తూ ఎంత మేర ఎండనివ్వాలి, ఎంత మేర కుప్పచేసి పట్టా కప్పాలి అని తేల్చుకునే తీరు ఇందులో ఉంది. ఎండ కావాలి, ఎండకు వదిలితే వానకూ వదిలినట్టే.

ఒంటరి ఆట అనగానే మనవాళ్లు కాస్త జాలిగా చూస్తారు. అష్టాచెమ్మాకు నలుగురుంటేనే సందడి, పులిమేకకు ఇద్దరైనా కావాలి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఇళ్లలో ఆ నలుగురు ఎక్కడ దొరుకుతారు? నల్లపాడు జంక్షన్లో రాత్రి బండి కోసం కూర్చున్నవాడికి, మధ్యాహ్నం పూట ఇంట్లో ఒక్కతే ఉన్న పెద్దామెకు అరగంటసేపు మనసంతా నిమగ్నమయ్యే పని ఇది. పైగా ఎదుటివాడు లేడు కాబట్టి తగువు లేదు. బల్ల దిగి దొర్లిన పాచికను ఒప్పుకోవాలా, మళ్లీ వేయాలా అనేది మనకు మనమే చెప్పుకోవాలి. ఆ నిజాయితీ నాకు చాలా విలువైనదిగా తోస్తుంది.

సామగ్రి పెద్ద ఖర్చేమీ కాదు. తొలి రూపం ఎవరైనా ప్రింటు తీసుకుని ఆడుకునేలా చేసిందే. జెరాక్సు షాపులో తీయించి అట్టకు అంటించుకోవచ్చు. పాచికలు లూడో పెట్టెల్లోవి చాలు. రెండింటిని అలాగే ఉంచి, మూడింటికి మార్కరు రాస్తే సరి. ఓడలకు చింతపిక్కలు బాగుంటాయి.

కొత్తగా ఆడేవాళ్లు ఎక్కువగా ఓడలను కూల్చడంలోనే పడిపోతారు. కూల్చిన ఓడ తల్లి ఓడ దగ్గరికి చేరి మళ్లీ దిగుతుంది. తల్లి ఓడ మాత్రం మనం ఏం చేసినా వంతుకొక మెట్టు కిందికి వస్తూనే ఉంటుంది. గెలుపు పరిశోధన పూర్తయినప్పుడే. అందుకని మొదటి రెండు మూడు వంతుల్లోనే కరెంటు కూడబెట్టి, తవ్వకం సాగించి లోపలి మంచి గదులు తెరుచుకుని, ఓడలు లేని నిలువు దొరికినప్పుడల్లా పెద్ద అంకెను పరిశోధన గదికి పంపాలి. కాల్పులు నగరానికి మరీ దగ్గరపడిన ఓడలకే అట్టేపెట్టుకోవాలి.