డాబా మీద గుమ్మడి వడియాలు

పెరటి పాదుకు బూడిద గుమ్మడికాయ కాసిందంటే ఇంట్లో వడియాల సందడి మొదలైనట్టే.

ముక్కలు సన్నగా తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, గుడ్డలో మూటగట్టి, రాత్రంతా మీద బరువు పెడతారు ఇల్లాళ్లు. తెల్లారేసరికి నీరు కారిపోతుంది. అసలు నేర్పంతా ఇక్కడే: నీరు మిగిలితే పిండి జారుతుంది, వడియం సరిగా ఎండదు. నానిన మినప్పప్పును గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి ముద్ద, ఇంగువ, ముక్కలు కలిపి తడిగుడ్డ మీద పెడతారు. 3, 4 రోజులు మంచి ఎండ తగలాలి. గుడ్డ వెనక నీళ్లు చిలకరిస్తే వడియం విరగకుండా ఊడివస్తుంది. ఎంత చక్కని ఉపాయం!

డాబా మీద ఎండే వడియాలకు కాకుల నుంచి కాపలా పిల్లలది.

ముసురు పట్టి కూరగాయలు దొరకని రోజున ముద్దపప్పు, నెయ్యి, వేయించిన వడియాలు చాలు. పులుసులో వేస్తే మెత్తబడి, పులుపు పీల్చుకుని మరింత రుచిగా ఉంటాయి.